సుగుణమ్మ గారు చదివించిన కాగితం

మా వీధి చివర కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు మొన్న బోరు వేయించారు. పొద్దున్నే ఆ యంత్రం రొద మొదలుపెట్టగానే వీధిలో అందరూ కిటికీలు మూసుకున్నారు. నేను మాత్రం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రాతిని పిండి చేసి పైకి చిమ్మే ఆ బూడిదరంగు దుమ్ముకు ఒక వాసన ఉంటుంది. ఎండిన సున్నం వాసనలా మొదలై, కాలిన ఇనుము వాసనలా గొంతులో దిగుతుంది. దుమ్ములో ఏం కూర్చున్నారు అత్తయ్యా అని మా కోడలు రెండుసార్లు పిలిచింది. అది తడిసేదాకా చూసి వస్తానన్నాను. ఆమెకు నా మాట అర్థం కాలేదు. కాకపోవడం న్యాయమే. నా ఒంట్లో మోకాళ్లు, కళ్లు, చెవులు అన్నీ నాతోపాటే పదవీ విరమణ చేశాయి గానీ, ముక్కు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. ఆ దుమ్ము తగలగానే అది నన్ను తిరుపతి నుంచి లేవదీసుకెళ్లి, ఎనభైల మొదట్లో పలమనేరు వైపు ఒక చిన్న ఊర్లో, బోరు లారీ పక్కన నిలబెట్టింది. అక్కడ నా పక్కన సుగుణమ్మ గారు ఉన్నారు.

సుగుణమ్మ గారు మా పంచాయతీ సమితిలో ముఖ్యసేవిక. అంటే నాలాంటి గ్రామసేవికలకు పై అధికారి. మేము ఊళ్లలో మహిళా మండళ్లు పెట్టాలి, బాల్వాడీలు చూడాలి, ఆడవాళ్లకు ఆరోగ్యం, పోషణ, చదువు గురించి చెప్పాలి. మేము చెప్పింది ఊళ్లలో ఎవరైనా విన్నారో లేదో ఆమె వచ్చి చూడాలి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. తిరుపతిలో పుట్టి, కుళాయి కింద బిందె పెట్టడం తప్ప నీటి గురించి ఏమీ తెలియకుండా పెరిగాను. గ్రామసేవిక అంటే గ్రామానికి సేవ చేసేది అని శిక్షణలో చెప్పారు. మొదటి ఆరు నెలలూ గ్రామమే నాకు సేవ చేసింది. ఒకరు అన్నం పెట్టారు, ఒకరు జెర్రి పాకినప్పుడు మందు రాశారు, బస్సు తప్పిపోయిన ప్రతిసారీ ఒకరు చాప పరిచారు. నేను వాళ్లకు చేసిందల్లా సోయాపిండి లడ్లు చేయడం ఎలాగో చూపించడం. ఆ లడ్లను వాళ్లు మర్యాదగా తీసుకుని, మర్యాదగా ఆవులకు పెట్టారని చాలా రోజుల తర్వాత తెలిసింది.

సుగుణమ్మ గారు పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. మందపాటి కళ్లద్దాలు, నల్ల గొడుగు, రెండు గిన్నెల క్యారియరు. ఆమెకు జీపు మీద హక్కు ఉండేది కానీ జీపు ఉండేది కాదు. అందుకని బస్సు దిగి నడిచేవారు. ఆమె పనితీరు గురించి చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. పై నుంచి వచ్చే కరపత్రాలూ ఉత్తర్వులూ అన్నీ బరువైన పుస్తక భాషలో ఉండేవి. ఆమె అద్దాలు సర్దుకుని, కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, గట్టిగా చదివేవారు. కానీ కళ్లు చదివే తెలుగు వేరు, నోట వచ్చే తెలుగు వేరు. కళ్లలోకి గ్రాంథికం వెళ్లేది, నోట్లోంచి సంగటి వేడితో ఊరి మాట వచ్చేది. "గర్భిణీ స్త్రీలు పౌష్టికాహారమును సేవించవలెను" అని కాగితంలో ఉంటే, కడుపుతో ఉండే మనిసికి ముందుగా పెట్టి తర్వాత మగోళ్లకు పెట్టండమ్మా అని వినబడేది. అలా ఉందా కాగితంలో అని నేనొకసారి తొంగిచూశాను. "ఉండాది అమ్మీ, లోపల ఉండాది. పైన తొక్క, అంతే" అన్నారామె.

నా కింద ఉన్న ఊళ్లలో ఒకటి ఎగువమిట్ట. ఊరు మిట్ట మీద, వాడ ఎండిపోయిన వంక అవతల. ఆ ఏడాది వానలు లేవు. వాడ ఆడవాళ్లు వంక ఇసుకలో చెలమలు తీసి, గరిటెతో తోడి, బిందె నింపుకునేవారు. ఊరి బావికి వాళ్లు వెళ్లొచ్చు. కానీ వెళ్తే పక్కన నిలబడి, ఎవరైనా తోడి పోసేదాకా కాచుకోవాలి. ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పేంత కొత్త సంగతి కాదు కాబట్టి చెప్పలేదు. అలాంటి ఊరికి ఒక బోరు మంజూరైంది. నీటిని చూసే ఉద్యోగి వచ్చి రెండు తావుల్లో సున్నంతో గుర్తులు పెట్టి, రెండింట్లోనూ నీళ్లు పడొచ్చు, ఏది కావాలో ఊరివాళ్లే తేల్చుకుని తీర్మానం పంపండి, ఆడవాళ్ల సమ్మతి కూడా ఉండాలి అని చెప్పి వెళ్లాడు. ఒక గుర్తు వంక మలుపులో, ఊరికీ వాడకూ నడుమ. రెండోది ఊరి లోపల, పంచాయతీ ప్రెసిడెంటు మునిరత్నం గారి మామిడితోట కంచె పక్కన.

వారం తర్వాత మునిరత్నం గారు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. మంచి మనిషే. నన్ను ఎప్పుడూ అమ్మా అనే పిలిచేవారు, కాఫీ ఇవ్వకుండా పంపేవారు కాదు. ఆడోళ్ల ఏలిముద్రలు ఏయించుకోని రామ్మా, బోరు తొందరగా వస్తాది అన్నారు. కాగితం నిండా "పైన ఉదహరించిన", "సదరు", "యందు" లాంటి మాటలు. స్థలం ఎక్కడో చెప్పేచోట ఒక సర్వే నంబరు, దాని పక్కన గీత, దాని పక్కన ఇంకో అంకె. అది ఏ తావో నాకు తెలియదు. తెలియదని అడగడానికి నాకు సిగ్గేసింది. చదువుకున్న పిల్ల అని ఊరంతా అంటుంటే, చదవలేకపోయానని ఒప్పుకోవడం ఎలా. స్టాంపు ప్యాడు పట్టుకుని ఊర్లో, వాడలో గడపగడపకీ తిరిగాను. బోరు వస్తుంది, ఇక్కడ వేలు వేయండి అన్నాను. వేశారు. ఒక్క మధ్యాహ్నంలో ఇరవై ఎనిమిది వేలిముద్రలు. నా ఉద్యోగంలో అది మొదటి విజయం. ఇరవై ఎనిమిది వేళ్లూ నేను ముంచినవే. మనుషులను కూడా ముంచానని అప్పటికి తెలియదు.

బోరు లారీ రావడానికి రెండు రోజుల ముందు సుగుణమ్మ గారు ఎగువమిట్టకు వచ్చారు. నేను గర్వంగా ఆ కాగితం నకలు చూపించాను. ఆమె అద్దాలు సర్దుకుని కింది నుంచి పైదాకా చూసి, చదివినావా అని అడిగారు. చదివానండి అన్నాను.

"ఏముండాది?"

"బోరు గురించండి."

"బోరు గురించే. యాడ బోరు?"

నేను తొంగిచూసి ఆ సర్వే నంబరు మీద వేలు పెట్టాను. ఆమె కాగితం మడిచి, గొడుగు తీసుకుని, వంక దాటి వాడలోకి నడిచారు. వెనకే నేను. మొదటి ఇల్లు చెంగమ్మది. అరవై ఏళ్ల మనిషి, మహిళా మండలిలో అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసేది ఆమే. సుగుణమ్మ గారి పూర్తి హోదా విస్తరణాధికారి అని నేనొకసారి చెబితే, పెండ్లిండ్లలో విస్తర్లు ఏసే ఆఫీసరా అని అడిగింది ఈ చెంగమ్మే. ఆ రోజు మాత్రం ఎగతాళి లేదు. మమ్మల్ని చూడగానే అరుగు తుడిచి కూర్చోబెట్టింది. లోపల ఆమె కోడలు గోడకు ఆనుకుని, నిండు కడుపుతో కాళ్లు చాపుకుని ఉంది. చెంగమ్మ వంక మలుపు వైపు చెయ్యి చూపించి అంది: "ఈ పాప పుణ్యాన మా చెలమ పీడ వదిలిపోయినాది తల్లీ. అదో, ఆ మలుపులోనే గదా బోరు. మా కోడలు నెలలు నిండిన మనిసి. ఇంటికీ బోరుకూ ముప్పై అడుగులు. నేను లేకపోయినా అది బిందె తెచ్చుకుంటాది."

కోడలు నన్ను చూసి నవ్వింది. అలాంటి నవ్వు ముందు కూర్చోవడం కంటే చెంప దెబ్బ తినడం సుఖం. సుగుణమ్మ గారు, అట్లనే చెంగమ్మా, మళ్లీ వస్తాము అని లేచారు. బస్సు ఆగేచోటు దాకా వడివడిగా నడిచారు. అక్కడ గొడుగు నేలకు ఆనించి, ఆ నంబరు మునిరత్నం తోట పక్కది అని మాత్రం చెప్పారు. నేను ఏడుపు మింగుతూ, కాగితం చింపేద్దామండి, పోయిందని చెబుదాం అన్నాను.

"చింపితే తప్పు రెండవుతాది. చదివితే సగమవుతాది."

ఎక్కడ చదవాలి అని అడిగాను. ఎల్లుండి లారీ వచ్చినప్పుడు ఊరంతా ఆడ్నే ఉంటాది, అందరి ముందర చదువు అన్నారు. మీరు బీడీవో గారికి ఒక్క మాట చెబితే మారిపోతుంది కదా అని బతిమాలాను. మారుతుందనే ఒప్పుకున్నారు. కానీ అట్ల మారితే నా మాట మీద మారినట్టు, రేపు ఇంకో ఆఫీసరు మాట మీద మళ్లీ మారుతుంది, వాళ్ల మాట మీద మారితేనే నిలబడుతుంది అన్నారు. నా ఉద్యోగం పోతుందేమోనండి అన్నాను. ఆమె క్యారియరు కాస్త పైకెత్తి చూపించారు. "పోతే రెండో గిన్నె నీది." ఇంతలో పలమనేరు బస్సు వచ్చింది. ఆమె ఎక్కి వెళ్లిపోయారు.

ఆ రాత్రి రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకున్నాను. గుండె చిక్కబట్టుకుని రాసిన ఆ ఉత్తరంలో మూడు అక్షరదోషాలు ఉన్నాయని తర్వాత సుగుణమ్మ గారే దిద్దిచ్చారు.

బోరు లారీ తమిళదేశం నుంచి వచ్చింది. ఒక్క పగలే ఉంటుంది, సాయంత్రానికి ఇంకో ఊరు వెళ్లాలి. కంచె పక్కన జనం మూగారు. బోరు వేసే ముందు ఆ తావులో పసుపు, కుంకుమ పెట్టి టెంకాయ కొట్టడం అందరికీ అలవాటు. లారీ మేస్త్రీ షణ్ముగానికైతే అది అలవాటు కాదు, చట్టం. మునిరత్నం గారి భార్య సరోజమ్మ గారు పూజ పళ్లెంతో నిలబడ్డారు. చెంగమ్మా, వాడ ఆడవాళ్లూ కాస్త దూరంగా, ఈ లారీ మలుపులో ఆగకుండా ఇక్కడికి ఎందుకొచ్చిందా అని చూస్తున్నారు. సుగుణమ్మ గారు ప్రెసిడెంటు గారికి దండం పెట్టి, టెంకాయ కొట్టే ముందర మా పాప కాగితం చదువుతుంది, రెండు నిమిషాలు అన్నారు. చదవనీమ్మా, మంచిదే గదా అన్నారాయన.

చదివాను. "సదరు" దగ్గర తడబడ్డాను. సర్వే నంబరు దగ్గర ఆగిపోయాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదని వాళ్ల ముఖాలే చెబుతున్నాయి. సుగుణమ్మ గారు నా వెనక నుంచి మెల్లగా, తొక్క తీసి చదువు అన్నారు. అప్పుడు కాగితం దించేశాను.

"బోరు ఈ కంచె పక్కనే వేయమని ఈ కాగితంలో ఉండాది. మలుపులో కాదు."

చెంగమ్మ ముందుకొచ్చింది. మేము మలుపుకని గదా ఏలు ఏసింది అంది. మునిరత్నం గారి ముఖం ఎర్రబడింది. ఇరవై ఎనిమిది మంది ఏసినారు, నేనేమన్నా చెయ్యి పట్టుకోని ఏయించినానా అన్నారు. అది నిజమే. ఆయన పట్టుకోలేదు. సుగుణమ్మ గారు నా వైపు చూడను కూడా లేదు, తన గొడుగు పిడి చూసుకుంటున్నారు. ఇక మాట్లాడాల్సింది నేనొక్కదాన్నే మిగిలాను.

"ఆయన వేయించలేదు, నేను వేయించినాను. చదివి చెప్పలేదు. ఆ నంబరు ఏ తావో నాకే తెలీదు. తెలీదని అడగడానికి సిగ్గుపడినాను. తప్పు నాది."

చెంగమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "చదువుకున్నదానివి నువ్వే చదవకపోతే, చదువురాని మేము ఏం చదివేది పాపా" అంది. అది చీవాటే. కానీ దాని చివర ఆమె పాత ఎగతాళి కొంచెం తిరిగొచ్చింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో రెండు రోజులుగా నా మెడ చుట్టూ ఉన్న ముడి ఊడింది. ఉద్యోగం ఉందో పోయిందో నాకింకా తెలియదు. అయినా ఊపిరి ఆడింది.

బోరు తావు ముడి విప్పింది మాత్రం ఇంకొకరు. పళ్లెం పట్టుకుని ఉన్న సరోజమ్మ గారు మొగుడి వైపు తిరిగి, నాకు మాత్రం ఎవురు చెప్పినారు, ఈడ వేస్తే పొద్దస్తమానం నా వాకిట్లో బిందెల గలాటా, నాకొద్దీ బోరు అన్నారు. అని, పళ్లెంతో సహా వంక వైపు నడక సాగించారు. యాడికే అని మునిరత్నం గారు పిలిచారు. టెంకాయ యాడ కొట్టాల్నో ఆడికి అని ఆమె వెనక్కి చూడకుండానే చెప్పారు. ఊరి ఆడవాళ్లు ఆమె వెంట కదిలారు. వాడ ఆడవాళ్లు అవతలి నుంచి వచ్చారు. మలుపులో సున్నం గుర్తు మీద ఎవరో పసుపు చల్లారు, ఎవరో కర్పూరం వెలిగించారు. మేస్త్రీ షణ్ముగం ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్లి సగం తమిళం, సగం తెలుగులో ఖండితంగా చెప్పాడు, పూజ అయిన తావు మార్చి ఇంకో తావులో తాను మిషను దించనని. మునిరత్నం గారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. సరే, నీళ్లు మోసేది ఆడోళ్లు, తావు కూడా వాళ్లదే కానీ అన్నారు. ఆ మాట మొదటి నుంచీ తనదే అన్నట్టు అన్నారు. అలా అననివ్వడం కూడా ఒక పనే అని సుగుణమ్మ గారి ముఖం చూసి తెలుసుకున్నాను. టెంకాయ ఆయనతోనే కొట్టించారు.

లారీ ముందు భాగం మీద కాగితం పెట్టి కొత్తగా సమ్మతి రాశాను. నాలుగు వరుసలు, అన్నీ వాళ్ల మాటల్లో. "మా బోరు వంక మలుపులో, ఊరికీ వాడకూ నడుమ వేయండి. ఎవరైనా వచ్చి పట్టుకోవచ్చు." రెండుసార్లు గట్టిగా చదివాను. వేలిముద్రలు వేయించబోతే స్టాంపు ప్యాడు తేవడం మరిచిపోయానని తెలిసింది. చెప్పాను కదా, నేను అలాంటి గ్రామసేవికనే. షణ్ముగం నవ్వుతూ గ్రీజు డబ్బా తెచ్చిచ్చాడు. సమితి ఆఫీసులో ఆ ఫైలు చాలా ఏళ్లు గ్రీజు కంపు కొడుతూ ఉండేదట.

తర్వాత అసలు భయం మొదలైంది. యంత్రం దిగింది, దుమ్ము లేచింది. పొడి దుమ్ము. అందరి తలలూ ఒకే వయసుకు నెరిశాయి. గంట, రెండు గంటలు, పొద్దు నడినెత్తి దాటింది. ఇంకా పొడి దుమ్మే. నీళ్లు పడకపోతే తప్పు మళ్లీ నా ఖాతాలోనే. మునిరత్నం గారు చెట్టు నీడలో కూర్చుని, నా కంచె పక్కన ఏసుంటే ఈపాటికి అని మొదలుపెట్టారు. సుగుణమ్మ గారు ఆయనకు మజ్జిగ అందించారు. మజ్జిగ తాగేంతసేపు మాట ఆగింది, తాగాక మళ్లీ మొదలైంది. నేను ఎవరి ముఖమూ చూడలేక గొట్టం వైపే చూస్తున్నాను. ఉన్నట్టుండి దుమ్ము లేవడం తగ్గింది. బూడిద రంగు ముదిరి, ముద్దలుగా పడింది. తడి. షణ్ముగం చెయ్యెత్తాడు. ఆ తర్వాత ఒక్కసారిగా బురద నీళ్లు ఎగజిమ్మి అందరి మీదా పడ్డాయి. చెంగమ్మ కోడలు చెట్టు నీడలో నిలబడి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది. నేను ఆ బురదలోనే చతికిలబడ్డాను. సుగుణమ్మ గారు వచ్చి చెయ్యిచ్చారు. "లే అమ్మీ, చీర పాడవుతాది. ఆ రాజీనామా యాడ పెట్టినావో తియ్యి, చూస్తాను." రాజీనామా గురించి నేను ఆమెకు చెప్పనేలేదు.

ఆమె ఆ తర్వాత ఒక్కసారీ నా తప్పు ఎత్తి చూపలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్పాల్సిన అవసరం లేదు, ఊరందరి ముందూ నేనే చెప్పేశాను కదా. చెప్పేసిన తప్పును ఇంకొకరు మోసుకు తిరగరని నాకు అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడు పొగలేని పొయ్యిల పథకం వచ్చింది. మంచి పొయ్యి, కళ్లు మండవు, కట్టెలు ఆదా. ఎగువమిట్ట ఆడవాళ్ల సమ్మతి కోసం సుగుణమ్మ గారే స్వయంగా వచ్చారు. కాగితం తొక్క తీసి చదివారు. అందరూ విన్నారు. చెంగమ్మ ఒళ్లో మనవరాలు నిద్రపోతోంది. అంతా విని, ఆమె వద్దమ్మా అంది. ఎందుకని అడిగితే, పొయ్యి అంత ఎత్తులో ఉంటే సంగటి కెలికేటప్పుడు కుండను కదలకుండా ఎట్ల అదిమి పట్టేది, తెడ్డుతో నాలుగు సార్లు కెలికితే ఆ మట్టి పొయ్యి నిలస్తాదా అంది. పక్కవాళ్లూ అవునన్నారు. ఒక్క వేలు కూడా ముందుకు రాలేదు. పై అధికారి ముందు, నేను చూసుకునే ఊరి వాళ్లు ఇలా అడ్డం తిరిగారని నాకు చెమటలు పట్టాయి. సుగుణమ్మ గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. పొయ్యి ఎంత ఎత్తు ఉంటే కుదురుతుందో చెంగమ్మను కూర్చోబెట్టి, జానెడు పుల్లతో కొలిపించి, కాగితం వెనక రాసుకున్నారు. సమ్మతి రాయాల్సిన చోట, సంగటి కారణంగా ఒప్పుకోలేదు, పొయ్యి మార్చి తెస్తే చూస్తామన్నారు అని రాసి సంతకం పెట్టారు. ఆ కాగితాన్ని పై ఆఫీసులో చదివిన వాళ్లు ఏమన్నారో నాకు తెలియదు గానీ, బస్సు దగ్గరికి నడుస్తూ ఆమె అన్న మాట మాత్రం తెలుసు.

"ఈ పొద్దు మన జీతం గిట్టింది అమ్మీ."

పని కాలేదు కదండీ అన్నాను. ఆమె గొడుగు ఊపుకుంటూ, సంబరం చేసుకుని వస్తున్న మనిషిలా నడిచారు. ఆ తర్వాత కొన్ని నెలలకే ఆమెకు బదిలీ అయింది. ఆమె పోయి కూడా ఇప్పటికి చాలా ఏళ్లయింది.

నేను ఉద్యోగం ముగిసేదాకా ఎన్నో ఊళ్లలో, ఎన్నో కాగితాలు చదివి వినిపించాను. కొన్నిటికి వేళ్లు పడ్డాయి, కొన్నిటికి సంతకాలు పడ్డాయి. కొన్నిటిని మాత్రం ఎదుటి మనిషి అంతా విని, దీనికి నేను ఒప్పుకోను అని పక్కకు నెట్టింది. తోటి ఉద్యోగులకు అలాంటప్పుడు చికాకు వచ్చేది. నాకు మాత్రం లోపల ఏదో బరువు దిగినట్టుండేది. ఆమె విన్నది, ఆమెకు అర్థమైంది, నేను ఈసారి ఎవరినీ ముంచలేదు. ఆ ఊరట ఇప్పటికీ పోలేదు. పోయిన వారం, మా మనవరాలిని ఏ కాలేజీలో చేర్చాలో నేను అరగంటసేపు చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా అంతా విని, లేదవ్వా, నాకు అది వద్దు అంది. పెద్దవాళ్లతో అట్లా మాట్లాడతారా అని మా కోడలు కసురుకోబోయింది. నేను వద్దని చెయ్యి అడ్డుపెట్టి, పిల్లను నా పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకో చెప్పమన్నాను.